తక్కువ ఖర్చులో కొర్రమీను వేటకు రాడ్‌ను ఎలా ఎంచుకోవాలి

వంశధార, మహేంద్రతనయ, నాగావళి నదుల వెంట ఉన్న మన ఊళ్లలో గాలం వేయడం ఎవరికీ కొత్త విద్య కాదు. వెదురు కర్రకు నైలాను దారం కట్టి, బెండు తగిలించి, ఎర్రను గుచ్చి గెడ్డ ఒడ్డున కూర్చోవడం గుణుపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా పిల్లలకు పదేళ్లు నిండకముందే పట్టుబడుతుంది. అయితే గుర్రపుడెక్క, తామరాకులు కమ్ముకున్న చెరువులో, గట్టుకు ఇరవై గజాల దూరాన పైకి తేలి గాలి పీల్చుకుని మునిగే కొర్రమీను ముందుకు ఎరగా వాడే రబ్బరు కప్పను విసరాలంటే వెదురు కర్ర చాలదు. రాడ్, అంటే దారం జారే రింగులున్న గాలపు కర్ర, దానికి బిగించి దారాన్ని చుట్టే రీల్ కావలసిందే. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో అందుకు తగిన రాడ్‌ను ఎలా ఎంచుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. ఫోనులో వెతకగానే మీకు కనిపించేవి ఎక్కువగా "బాస్ రాడ్" అనే పేరుతో ఉంటాయి. ఇక్కడ బాస్ అంటే లార్జ్‌మౌత్ బాస్, ఉత్తర అమెరికా మంచినీటి చేప. మన తీరంలో హోటళ్లవారు సీబాస్ అని వడ్డించే పండుగప్పకూ, దానికీ సంబంధం లేదు. ఆ అమెరికా చేప నాచులోనూ, ఆకుల కిందా పొంచి ఉండి, నీటి మీదుగా పోయే కప్పనో చిన్న చేపనో ఒక్కసారిగా మింగుతుంది. మన కొర్రమీను అలవాటూ అదే. అందువల్ల బాస్ కోసం తయారైన రాడ్ మన చెరువులకు చక్కగా పనికివస్తుంది. ఒక్క తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి: కొర్రమీను నోరు గట్టి ఎముక. గాలం దిగాలంటే దెబ్బ బలంగా పడాలి, పడ్డాక చేపను ఆకుల్లోకి దూరనివ్వకుండా వెంటనే ఇవతలికి తిప్పాలి. కాబట్టి బాస్ రాడ్లలో మెతక రకాలను పక్కనబెట్టి, కాస్త గట్టి రకాల నుంచే మన ఎంపిక మొదలవ్వాలి.

దుకాణానికి వెళ్లకముందే చేయవలసిన పని ఒకటుంది. మీరు ఏ నీటిలో వేటాడబోతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఊరి బందలూ (చిన్న కుంటలూ), పంచాయతీ చెరువులూ చాలావరకు లీజుకు ఇచ్చి ఉంటాయి కాబట్టి, అనుమతి ఎక్కడ దొరుకుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. మీకు అనుమతి ఉన్న నీటికే రాడ్ కొనాలి తప్ప ఊహలో ఉన్న జలాశయానికి కాదు. ఆ నీటి మీద ఆకు ఎంత దట్టంగా ఉందో, గట్టు మీద మీ వెనుక తాటి చెట్లో, తుప్పలో ఉండి చెయ్యి వెనక్కి లాగడానికి చోటు తక్కువగా ఉందో చూడండి. ఆ తరువాత మీరు వాడదలచిన ఎరను తూచండి. మా కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా మీద నా రబ్బరు కప్పలను పెట్టి చూస్తే ఎక్కువ భాగం 8 నుంచి 15 గ్రాముల మధ్య తూగాయి. బోలుగా ఉండే కప్పలోకి నీరు చేరితే బరువు ఇంకొంత పెరుగుతుందని కూడా లెక్కవేసుకోవాలి. రాడ్ ఎంపికలో మిగతావన్నీ ఈ గ్రాముల అంకె చుట్టూనే తిరుగుతాయి.

నేను ఈ అంకెను పట్టించుకోకుండా నష్టపోయాను. మొదటిసారి కొన్నది ఒకదానిలో ఒకటి దూరే గొట్టాల రాడ్. రీల్, దారం, నాలుగు రకాల ఎరలు అన్నీ ఒకే సంచిలో పెట్టి తొమ్మిది వందల రూపాయలకు అమ్మారు. మూడో ఆదివారం కొర్రమీను పడింది. అది తామర కాడల్లోకి దూరగానే నేను రాడ్‌ను పైకెత్తాను, పైనుంచి రెండో గొట్టం అతుకు దగ్గర పుటుక్కున విరిగింది. ఇంటికి వచ్చి చూస్తే ఆ రాడ్ మీద ఎర బరువుగానీ, దారం బలంగానీ, అసలు ఏ అంకెగానీ రాసి లేదు. అంకెలు రాయని రాడ్‌ను ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ అంకెలను చదవడం నేర్చుకుందాం. రాడ్ పిడికి కాస్త పైన, కర్ర మీద ఒక వరుసగా అక్షరాలూ అంకెలూ ముద్రించి ఉంటాయి. చాలా కంపెనీలు 702ఎంహెచ్ వంటి సంకేతాన్ని వాడతాయి. ఇందులో మొదటి అంకె అడుగులు, రెండోది అంగుళాలు, మూడోది ముక్కల సంఖ్య. అంటే 7 అడుగుల 0 అంగుళాల పొడవు, రెండు ముక్కలు; ఎంహెచ్ అంటే మీడియం హెవీ. అదే విధంగా 662ఎం అంటే ఆరున్నర అడుగుల పొడవుతో రెండు ముక్కలుగా వచ్చే మీడియం రాడ్. ముందు ఎస్ అనే అక్షరం ఉంటే అది స్పిన్నింగ్ రాడ్, సి ఉంటే కాస్టింగ్ రాడ్; వీటి తేడా కింద చెబుతాను. పక్కనే ఎర బరువు గ్రాములలోనో, ఔన్సులలోనో ఉంటుంది. ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు కాబట్టి, పావు ఔన్సు 7 గ్రాములు, అర ఔన్సు 14, ముప్పావు ఔన్సు 21 అని గుర్తుంచుకుంటే చాలు. దారం బలాన్ని పౌండ్లలో రాస్తారు. 10 పౌండ్లు నాలుగున్నర కిలోలు, 20 పౌండ్లు సుమారు 9 కిలోలు.

ఎర బరువుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, విసిరేటప్పుడు ఎరను దూరం పంపేది మన భుజబలం కంటే రాడ్ వంపు. చెయ్యి వెనక్కి వెళ్లి ముందుకు వచ్చే క్షణంలో ఎర బరువుకు కర్ర వంగి, మళ్లీ నిటారుగా సాగే ఊపులో ఎర ఎగిరిపోతుంది. 15 నుంచి 40 గ్రాములకు తయారైన రాడ్‌కు 8 గ్రాముల కప్పను కడితే కర్ర వంగదు, కప్ప పది గజాల దూరంలోనే పడిపోతుంది. 3 నుంచి 10 గ్రాముల రాడ్‌కు 20 గ్రాముల ఎర కట్టి బలంగా విసిరితే కొస విరిగే ప్రమాదముంది. మీ ఎర బరువు రాడ్ మీద రాసిన హద్దుల మధ్యభాగంలో పడేలా చూసుకోండి. 10, 12 గ్రాముల కప్పలు వాడేవారికి 7 నుంచి 21 గ్రాములు లేదా 7 నుంచి 28 గ్రాములు అని రాసిన రాడ్ సరిగ్గా కుదురుతుంది.

ఇక లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అనే మాటలు కర్రను వంచడానికి ఎంత బలం కావాలో చెబుతాయి. వీటికి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఒకే కొలత ఏదీ లేదు. ఒకరి మీడియం హెవీ మరొకరి మీడియం అంత మెత్తగా ఉండవచ్చు. అందుకే దుకాణదారు "ఇది మీడియం హెవీ, ఏ చేపకైనా ఆగుతుంది" అన్నప్పుడు ఆ మాటతో సరిపెట్టుకోకుండా పక్కనున్న గ్రాముల అంకెను చదవండి. అంకెకూ మాటకూ పొంతన లేకపోతే అంకెనే నమ్మండి. ఆకు దట్టంగా ఉన్న చెరువుకు మీడియం హెవీ, ఆకు పలచగా ఉండే నదీ మడుగులకూ, కాలువలకూ మీడియం సరిపోతాయి.

ఫాస్ట్, మోడరేట్, స్లో అనే మాటలు వేరే సంగతిని చెబుతాయి. కర్ర ఎక్కడ వంగుతుందన్నది దీని అర్థం. పై మూడో వంతు మాత్రమే వంగితే ఫాస్ట్, సగం దాకా వంగితే మోడరేట్, పిడి దాకా వంగితే స్లో. కప్పను మింగిన కొర్రమీను నోట్లో గాలం దిగడానికి మన మణికట్టు విదిలింపు ఆలస్యం లేకుండా చేపకు చేరాలి కాబట్టి ఫాస్ట్ రకమే తీసుకోండి.

పొడవు విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. మోటారు సైకిలు మీదా, బస్సులోనూ తిరుగుతూ గట్టు మీద నిలబడి వేటాడేవారికి ఆరున్నర నుంచి ఏడు అడుగుల మధ్యనున్న రాడ్ కావాలి. గట్టు ఎత్తుగా ఉండి, ముందు తుంగ పెరిగిన చోట ఏడు అడుగులదైతే దారాన్ని తుంగ మీదుగా ఎత్తి పట్టుకోవచ్చు. వెనుక చెట్లున్న ఇరుకు బందల దగ్గర ఆరున్నర అడుగులదే చేతికి అనువుగా ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది అడుగుల రాడ్లు సముద్రపు ఒడ్డుకు పనికివచ్చేవి. ఎర దూరం పోతుందన్న ఆశతో వాటిని కొంటే రోజంతా కప్పను విసిరి లాగే పనిలో మణికట్టు నొప్పి పుడుతుంది.

ముక్కల సంఖ్యలో రెండు ముక్కలదే మనకు మేలు. ఒకే ముక్కగా వచ్చే రాడ్ అతుకు లేనందువల్ల బలంగా ఉంటుందన్నది నిజమే గాని, ఏడడుగుల కర్రను కొరియరువాళ్లు విరగకుండా తేవడమూ, మీరు దాన్ని గుణుపురం నుంచి పర్లాకిమిడికి బస్సులో తీసుకెళ్లడమూ కష్టం. ఏడడుగుల రాడ్ రెండు ముక్కలైతే ఒక్కొక్కటి మూడున్నర అడుగులు ఉంటుంది. రెండున్నర అంగుళాల పీవీసీ గొట్టాన్ని నాలుగడుగులకు కోయించి, రెండు వైపులా మూతలు బిగిస్తే దానికంటే గట్టి పెట్టె ఏ దుకాణంలోనూ దొరకదు. గొట్టాల రాడ్‌లో అతుకులు ఎక్కువ, ప్రతి అతుకులోనూ ఇసుక చేరుతుంది, దారం జారే రింగులు తక్కువ. సంచిలో పడి ఉండే సౌకర్యం కోసం వాటిని కొనేవారున్నారు. ఆకుల్లోంచి చేపను లాగే పనికి నేను వాటిని ఎవరికీ సూచించను.

స్పిన్నింగ్ రాడ్ తీసుకోవాలా, కాస్టింగ్ రాడ్ తీసుకోవాలా అన్న ప్రశ్నకు తక్కువ డబ్బున్న చోట ఒక్కటే జవాబు: స్పిన్నింగ్. దీనిలో రీల్ కింద వేలాడుతుంది, పిడికి దగ్గరి రింగు పెద్దగా ఉంటుంది. కాస్టింగ్ రాడ్‌లో రీల్ పైన కూర్చుంటుంది, పిడి కింద వేలికి ఆనే కొక్కెం వంటిది ఉంటుంది. కాస్టింగ్ రీల్‌తో లాగే బలం ఎక్కువన్నది వాస్తవమే. అయితే విసిరినప్పుడు తిరిగే చుట్టను బొటనవేలితో అదుపు చేయడం నేర్చుకునే దాకా దారం గూడులా చిక్కుపడుతూనే ఉంటుంది, చవక కాస్టింగ్ రీళ్లలో ఆ చిక్కు మరీ ఎక్కువ. ఒకదాని రీల్‌ను మరొకదాని రాడ్‌కు బిగించవద్దు. రింగుల పరిమాణం, అమరిక వేరుగా ఉండటం వల్ల దారం రాసుకుపోయి విసురు తగ్గిపోతుంది.

కర్ర ఏ పదార్థంతో తయారైందో కూడా చూడాలి. ఫైబర్‌గ్లాస్ బరువు ఎక్కువ, కానీ రాయికి తగిలినా, సైకిలు మీంచి పడినా ఓర్చుకుంటుంది. కార్బన్, అంటే గ్రాఫైట్, తేలిక. దారం చివర ఏం జరుగుతున్నదో చేతికి ఇట్టే తెలుస్తుంది. కానీ పక్క నుంచి తగిలిన దెబ్బకు సన్నని పగులు పడి, మరో రోజు చేప బరువుకు అక్కడే విరుగుతుంది. ఈ రెండింటినీ కలిపి చేసే రాడ్లు మధ్యస్థంగా ఉంటాయి. షేక్‌స్పియర్ కంపెనీ 1976లో తెచ్చిన అగ్లీ స్టిక్ ఈ కలయికతోనే గట్టిదనానికి పేరు పొందింది. మొదటి రాడ్‌కు నేను ఈ మిశ్రమ రకాన్నే సూచిస్తాను, ఎందుకంటే మొదటి ఏడాది రాడ్‌కు తగిలే దెబ్బలు చేపల వల్ల కంటే రాళ్ల వల్ల, బస్సు సీట్ల వల్లే ఎక్కువ. కార్బన్ రాడ్ల మీద 24 టన్నులు, 30 టన్నులు అని ఉండే రాత పదార్థం బిగువును తెలిపేదే గాని మోయగల బరువును కాదు. బిగువు పెరిగే కొద్దీ గొట్టం గోడను పలచగా చేస్తారు, పలచనైన కొద్దీ దెబ్బకు ఓర్పు తగ్గుతుంది. కాబట్టి పెద్ద అంకె కోసం అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు.

పదార్థం గురించి చెబుతున్నప్పుడే ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. కార్బన్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. మన వైపు పొలాల మధ్య చెరువుల గట్ల మీదుగా, కాలువల మీదుగా కరెంటు తీగలు తక్కువ ఎత్తులో పోతుంటాయి. వేసవి సాయంత్రాలలో ఉన్నట్టుండి మబ్బు పట్టి పిడుగులు పడతాయి. తీగలున్న గట్టు మీద రాడ్‌ను ముక్కలుగా విప్పి, అడ్డంగా పట్టుకుని నడవండి, ఉరుము వినబడగానే రాడ్‌ను కింద పెట్టి గట్టు దిగి, చెట్టు కిందకు కాకుండా ఏదైనా ఇంట్లోకి చేరండి. ఫైబర్‌గ్లాస్‌దైనా తడిసిన తరువాత దాన్ని నమ్మకూడదు.

ఇక డబ్బు సంగతి. నా లెక్క నాలుగు వేల రూపాయలతో చెబుతాను. రాడ్‌కు 1,800, రీల్‌కు 1,300, సన్నని పోగులను అల్లి చేసే అల్లిక దారానికి 500, మిగిలిన 400 రెండు కప్పలకు. ధరలు దుకాణాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి గాని ఈ పాళ్లు మారనవసరం లేదు. అన్నీ కలిపి ఒకే సంచిలో అమ్మేవాటిలో ఎంతో కొంత పనికిరానిది ఉంటుంది, దానికి కూడా మీరే చెల్లిస్తారు. అంత డబ్బు ఒక్కసారి లేకపోతే ఈ నెల రాడ్ కొని, రీల్ వచ్చే నెల కొనుక్కోవచ్చు. రెండూ నాసిరకం కొనడం కంటే ఆగడం మంచిది. రీల్ మీద రాసే సైజు సంఖ్య (ధర కాదు) 2500 లేదా 3000 అయితే ఏడడుగుల రాడ్‌కు తూకం కుదురుతుంది. బిగించి చూసి, రీల్ కాడకు కాస్త ముందు ఒక వేలి మీద నిలబెడితే రాడ్ అటూ ఇటూ పెద్దగా ఒరగకూడదు.

దారం విషయంలో చాలామంది తికమకపడేది ఒకటుంది. రాడ్ మీద 8 నుంచి 17 పౌండ్లు అని ఉంటే అది సాధారణంగా నైలాను దారాన్ని దృష్టిలో ఉంచుకుని రాసినది. అల్లిక దారం అదే మందంలో రెండు మూడింతల బలంగా ఉంటుంది. ఆకుల కోసం 30 పౌండ్ల అల్లిక దారం చుట్టుకోవచ్చు, కానీ రాడ్ మోయగల బరువు దానివల్ల పెరగదు. రీల్ బిగింపును, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని వదిలే పట్టును, రాడ్‌కు తగినంత మాత్రమే ఉంచాలి. గాలం మొద్దుకో, తామర దుంపకో చిక్కుకున్నప్పుడు రాడ్‌ను వంచి లాగకూడదు. రాడ్‌ను దారానికి సూటిగా పెట్టి, దారాన్ని ఒక పుల్లకు నాలుగు చుట్లు చుట్టి ఆ పుల్లను పట్టుకుని లాగాలి. నేను చూసినంతలో రాడ్లు విరిగేది ఎక్కువగా ఇక్కడే.

దుకాణంలో రాడ్ చేతికి వచ్చాక తొందరపడవద్దు. ముక్కలు కలిపి, పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. రింగులన్నీ ఒకే వరుసలో కనబడాలి. ఏడడుగుల రాడ్‌కు కొస రింగు కాకుండా కనీసం ఆరేడు రింగులు ఉండాలి. నాలుగే ఉంటే చేప బరువుకు కర్ర వంగినప్పుడు దారం కర్రను రాసుకుంటుంది, బరువు కొన్ని చోట్లనే పడుతుంది. ప్రతి రింగు లోపలా కొంచెం దూదిని తిప్పి లాగండి, ఎక్కడైనా పోగు తగులుకుంటే ఆ రింగులో పగులు ఉన్నట్టే, అది మీ దారాన్ని కోస్తుంది. కర్ర పొడవునా గోటితో గీరుతూ పోతే కంటికి కనబడని గీతలు తగులుతాయి. రాడ్‌ను మెల్లగా ఊపినప్పుడు అతుకు దగ్గర టక్కుమనే చప్పుడు రాకూడదు. రీల్ బిగించే మర పూర్తిగా తిరిగి, బిగించాక కాడ కదలకుండా ఉండాలి. దుకాణదారు రాడ్ కొసను చేత్తో పట్టుకుని అర్ధచంద్రాకారంలో వంచి చూపబోతే వద్దని చెప్పండి. రాడ్‌ను సరిగ్గా పట్టుకుంటే చేప బరువు అలా ఒక్క కొస మీద పడదు, ఆ వంపుకు మంచి రాడ్ కూడా దెబ్బతింటుంది.

వాడిన రాడ్ ఎవరైనా అమ్ముతుంటే కూడా ఇవే పరీక్షలు చేయండి. కొస రింగు మాత్రమే ఊడిపోయినా, కొస రెండంగుళాలు విరిగినా భయపడనవసరం లేదు. కొత్త కొస రింగును వేడి జిగురుతో అతికించుకోవచ్చు, దానికి పెద్ద ఖర్చు కాదు. కర్ర మధ్యలో విరిగి అతికించినదాన్ని మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవారు పెట్టెను తెరిచేటప్పుడు ఫోనుతో వీడియో తీసి ఉంచుకోండి, పైన చెప్పిన పరీక్షలన్నీ వచ్చిన రోజే చేయండి, తిరిగి పంపే గడువు దాటనివ్వవద్దు. ఆపై ఇంటి ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. దారాన్ని అన్ని రింగులలోంచీ దూర్చి, చివర అరలీటరు నీళ్ల సీసాను కట్టి, రాడ్‌ను నేలకు అడ్డంగా ఉన్న స్థితి నుంచి మెల్లగా సగం ఎత్తుకు లేపండి. వంపు కొస నుంచి మొదలై నున్నగా కిందికి దిగాలి, ఎక్కడా కోణంలా విరిచినట్టు కనబడకూడదు. తరువాత లీటరు సీసాతో అదే చేయండి. రాడ్‌ను భుజం మీదుగా వెనక్కి నిటారుగా ఎత్తవద్దు, ఎందుకంటే ఆ స్థితిలో బరువంతా కొస మీదే పడుతుంది. నీటి దగ్గర చేపను ఒడ్డుకు లాగేటప్పుడు కూడా ఇదే పద్ధతిని పాటించాలి.

పరీక్షలో నిలిచిన రాడ్‌ను విప్పకముందే, రింగులు వరుసలో ఉన్న స్థితిలో, అతుకుకు అటూ ఇటూ కలిసేలా తెల్ల రంగుతో ఒక సన్నని గీత గీయండి. చెరువు దగ్గర మళ్లీ కలిపినప్పుడు గీతలు రెండూ కలిస్తే రింగులు వరుసలో ఉన్నట్టే. పదిహేను ఇరవై విసుర్లకు ఒకసారి ఆ గీతను చూసుకోండి. అది పక్కకు తిరిగి ఉంటే అతుకు వదులైందని అర్థం, వెంటనే ఆపి బిగించండి. వదులైన అతుకుతో విసిరినప్పుడే దాని అంచు చీలుతుంది.